ఉప్పులోయ హాజరు

శుక్రవారం పొద్దుగూకినంక
సిత్రా క్యాంపు పదకొండో రూముల
ఫోనుల ఇంగ్లీషు నవల సదువుకుంట
తెలుగుల చెప్తుంట నేను.
ఆరు మంచాలు, దగ్గుకుంట నడిచే ఏసీ,
కిటికీ సందుల నుంచి రిఫైనరీ వాసన.

ఎల్ఫు అంటే ఎవరని మొదటి వారమే అడిగిండ్రు.
కోసు చెవులోళ్లు, సావు తొందరగ రానోళ్లు అన్న.
"మరి వాళ్లకు వీసా ఎన్నేండ్లకిస్తరు భై?"
అన్నడు అంజద్.

మూడో నెలల లొల్లి మొదలైంది.
థేలాన్ రాకుమారుడు,
ఇప్పటి యుద్ధంల ముందు వరసల ఉన్నోడు,
రెండొందల ఏండ్ల కింద
ఉప్పులోయ లడాయిల ఉన్నడా, లేడా?
పుస్తకంల పోయిండని లేదు.
పోలేదనీ లేదు.

"ఎనిమిదొందల ఏండ్లోడు గద,
ఆ పొద్దు ఏడవోయిండు మరి?"
భూమేశ్ లెక్క తీసిండు.
"దొర కొడుకు లడాయికి పోతడా?
జీతగాండ్లను తోలుతడు.
గెలిస్తే గడీ గోడ మీద పేరు రాసుకుంటడు."
లస్మయ్య, ఉల్లిగడ్డ కోసుకుంట, తల ఎత్తకుండ.

ఎల్లాగౌడ్‌కు చెట్టు యాదికొచ్చింది.
మొన్న సదివిన కాడ రాకుమారుడు
ఎడమ చేత్తోనే కొమ్మ వట్టిండు,
కుడి భుజం లేపలే.
"మోకు తెగి పడ్డోడే గట్లెక్కుతడు సారూ.
పాత దెబ్బ అది."
భూమేశ్‌ది సిరిసిల్ల, మగ్గం ఇల్లు:
"పై బట్టకు భుజం కాడ
వేరే దారంతోని రఫ్ఫు ఉన్నదని నువ్వే సదివినవ్.
మనిషి ఆడుతడు గని
బట్ట అబద్ధమాడది."

అందరు నా దిక్కు చూసిండ్రు.
నా పనే అది గద, టైంకీపర్ని.
తెల్లారగట్ల నాలుగున్నరకు బస్సు కాడ నిలవడి
పేర్ల పక్కన టిక్కు పెడ్త.
ఉన్నోడు ఉన్నట్టు. లేనోడు లేనట్టు.

రాజలింగం మాట్లాడలే.
గోడ దిక్కు తిరిగి పండుకున్నడు.

పోయినేడు పద్నాలుగో ట్యాంకు కాడ
పరంజా జారిన్నాడు
ఆయన తమ్ముడు చిన్నరాజం బస్సు తప్పి
ఇంకో కంపెనీ లారీ ఎక్కి పనికొచ్చిండు.
నా కాయితంల అప్పటికే గైర్హాజరు.
పడ్డది నిజం. కాలు పోయింది నిజం.
"ఆ రోజు ఆ మనిషి సైటు మీదనే లేడు"
అని ఆఫీసోళ్లు నా సంతకం చూపిచ్చిండ్రు.
నా వీసా ఆ నెలనే రెన్యూవల్‌కు ఉండె.
నోరు తెర్వలే నేను.

ఆ రాత్రి సదువుతున్నట్టే సదువుకుంట
పుస్తకంల లేనిదొకటి కలిపిన.
ఉప్పులోయల థేలాన్ ఉన్నడు.
పేర్లు పిలిచేటాల్లకు అందలే,
ఎవరిదో ఉప్పుబస్తాల బండెక్కి వచ్చిండు.
కత్తి కూడ దొరకలే ఆయనకు.
బెదిరిన గుర్రాల కళ్లేలు వట్టుకొని
చీకటి పడేదాక నిలవడ్డడు.
భుజం అక్కడనే ఇరిగింది.
లెక్క రాసేటోడు అప్పటికే
కాయితం చుట్టి సంకల పెట్టుకున్నడు.

"గట్ల జెప్పు!" ఎల్లాగౌడ్ తొడ చరిచిండు.
దొర కొడుకు గుర్రాలు వట్టుడేందని లస్మయ్య నమ్మలే,
నమ్మకనే అందరికీ అన్నం పెట్టిండు.
రాజలింగం గోడ దిక్కు నుంచే అడిగిండు:
"ఆ లెక్క రాసినోని పేరేంది?"
పుస్తకంల ఇయ్యలేదన్న.

రెండో భాగం నిన్న కొన్న.
నలభైమూడో పేజీల ఒక్క వాక్యం:
ఉప్పులోయ మండిన ఏడు రాకుమారుడు
ఉత్తరాన, మేనమామ ఇంట్ల, జ్వరంతోని ఉన్నడట.
ఆ లోయ మొఖమే చూడలేదట.

రేపు శుక్రవారం.
నలభైరెండు అయినంక నలభైనాలుగు సదువుత.
భూమేశ్ ఈ నడుమ
మందు సీసాల మీది ఇంగ్లీషు అక్షరాలు
ఒక్కొక్కటే కూడబలుక్కుంటున్నడు.
ఫోను బోర్లేసి, దాని మీద చెయ్యి పెట్టి
పండుకుంటున్న.