లొట్టికి చెవి ఆనించి

వారమంతా మిరపయార్డులో కాయ విరిచి
వాసన చూసే ముక్కు నాది.
తేజా, బాడిగ, మూడువందల ముప్పైనాలుగు,
తాలెంత, తొడిమెంత, తేమెంత,
టిక్కీ మీద సుద్దగీత పడేదాకా
రైతు మొహంకేసి చూడకపోవడం కూడా
ఆ పనిలోదే.

ఆదివారం ఆ ముక్కుకి సెలవు.
చీకటితోనే నాగభూషణం బండెక్కి
నారాకోడూరు దాటి, చేబ్రోలు రాకముందే
కాలవగట్టు దిగితే బసవయ్య తాళ్ళు.
పదకొండు.
నిరుడు పద్నాలుగుండేవి.
ఆ మూడింటి చోటా ఇప్పుడు
పసుపురంగు పూసిన హద్దురాళ్ళు.

మోకు విప్పుతూ అన్నాడు:
"వరసలో తాగాలండీ.
ముందు పోతుతాడు, తర్వాతే పండుతాడు.
తిరగేశారో, నాలిక అబద్ధం చెబుతుంది."

మాఘం వెళ్ళిపోతోంది.
పోతుతాడు ఆఖరి చుక్కలూ
పండుతాడు తొలి చుక్కలూ
ఒకే పొద్దున దొరికే వారం
ఏడాదికి ఒక్కటేనట.

మొదటి లొట్టి.
తాటాకు దొప్పలో నురగ, నురగలో ఒక తేనెటీగ.
చిటికెనవేలితో తీసి గడ్డిమీద పెట్టాడు,
అది కాసేపు తూలి, ఎగిరిపోయింది.
తీపి. మంచు తగిలిన తీపి.
రెండోది అదే తీపి, చివర్లో చిన్న గిల్లు.
మూడోది కోర్టుతాడు.
అన్నదమ్ముల గట్టు మీద మొలిచి
పన్నెండేళ్ళుగా వాయిదాలు తింటోంది.
"వగరుగా లేదూ?" అన్నాడు నాగభూషణం.
"నీకు కేసు సంగతి తెలిసి వగరు," అన్నాను.
నాలుగోది పిడుగు పడ్డ చెట్టు.
పొగ వాసనుందని నేను, లేదని వాడు.
బసవయ్య నవ్వి ఇంకో చెట్టెక్కాడు.

దిగొచ్చాక మా సేటు కొడుకు చెప్పిన ముచ్చట చెప్పాను.
మెక్సికో అనే దేశంలో ఒక లోయట, నిండా ద్రాక్షతోటలట.
జనం కార్లేసుకుని తోట తోటకీ తిరుగుతారట,
గాజుగ్లాసులో గుక్కెడు పోసుకుని
గుండ్రంగా తిప్పి, వాసన చూసి, నోట్లో పుక్కిలించి
పక్కనున్న బక్కెట్లో ఉమ్మేస్తారట.

"ఉమ్మేస్తారా!"
మోకు చేతిలోంచి జారింది బసవయ్యకి.
కాసేపు మాట్లాడలేదు.
"మరి చెట్టెక్కినోడు చూస్తూ ఉంటాడా?"

ద్రాక్షకి ఎక్కడం ఉండదని చెప్పాను.
మన మిరపకాయ పుట్టిల్లు కూడా ఆ దేశమేనట, అన్నాను.
అది మాత్రం నమ్మలేదు.
"గుంటూరోళ్ళకి చెప్పకండి," అన్నాడు.

అప్పటిదాకా తాటిమట్టల నీడన
లొట్టికి సున్నం పూస్తూ కూర్చుంది నాంచారమ్మ.
కల్లు నోట పెట్టదు, ఒంటికి పడదు.
కానీ దించిన ప్రతి లొట్టీ ముందు ఆమె దగ్గరికే వెళ్తుంది.
కొంగుతో మూతి తుడిచి
చంటిబిడ్డ గుండెకి ఆనించినట్టు
చెవి ఆనిస్తుంది.
"ఇది పదింటికల్లా పులుస్తుంది."
"ఇది మధ్యాన్నం దాకా ఆగుద్ది, బడికెళ్ళే పిల్లలకీ పొయ్యొచ్చు."
"ఇది... ఊఁ, ఇది మొగుడికే."

నేనూ ఆనించాను.
ముందు ఏమీ లేదు.
తర్వాత, ఎంతో లోపల, సన్నగా,
వానకి ముందు చీమలు పుట్ట సర్దుకుంటున్నట్టు
ఏదో.
"వినపడిందా?"
పడిందనే అన్నాను.
కల్లు తాగిన మాటో, నిజమో.

తొమ్మిదైంది. ఎండ గట్టెక్కింది.
నాగభూషణం బండి తాళంచెవి వెతుక్కుంటూ
రెండుసార్లు అదే జేబు చూసుకున్నాడు.

సోమవారం.
ఘాటుకి గేటు దగ్గరే తుమ్ములు.
వినుకొండ వైపు నుంచి వచ్చిన ఒక ముసలి రైతు
టిక్కీ పక్కన నిలబడి కండువా పిండుతున్నాడు.
గుప్పెడు కాయలు తీశాను.
విరవలేదు.
చెవి దగ్గర ఊపాను.
లోపల గింజలు గలగలమన్నాయి,
బాగా ఎండిన కాయ, కల్లంలో నాలుగెండలు ఎక్కువే కాగిన కాయ.
కొనేవాళ్ళ గుమస్తా నవ్వాడు:
"ఏంటి, ఫోనొచ్చిందా?"

తేమ మీటరు జేబులోనే ఉంది.
చీటీ మీద పది లోపే అని రాసి
ఆ మనిషి మొహంకేసి చూశాను.