తప్పనిసరి గడి

ఫోను పాలిథిన్ సంచిలో చుట్టి తెచ్చింది పొనిరా.
విప్పగానే ఆఫీసంతా పొగచేపల వాసన.
అద్దం మీద అంటుకున్న పొలుసుని గోటితో గీకి
"ఇదిగో, ఇక్కడ నొక్కుతాను" అని చూపించింది.

నొక్కింది.
'ఏదో పొరపాటు జరిగింది. మళ్ళీ ప్రయత్నించండి.'
మళ్ళీ నొక్కింది.
'ఈ నంబరుతో ఖాతా ఇప్పటికే ఉంది.'
సరే కదా అని లోపలికి వెళ్ళబోయింది.
'మీ వివరాలు దొరకలేదు.'

"ఉన్నానా, లేనా అమ్మాయ్?
రెండిట్లో ఏదో ఒకటి తేల్చు.
పొయ్యి మీద చేపలు వదిలేసి వచ్చాను."

సెమరాంగ్‌లో ఆ పూట సముద్రం పోటు మీదుంది.
వీధి నీళ్ళు గడప దాటి మా వైర్ల కింద తచ్చాడుతున్నాయి.
కుర్చీలో కాళ్ళు పైకి మడుచుకుని
లాగ్ తెరిచాను.

నెట్‌వర్క్ అనుకున్నాను, నాలుగు గీతలూ ఉన్నాయి.
అనుమతులేమో అనుకున్నాను, నిన్ననే సరిచూసినవి.
సర్వరు సగం ఖాళీ.
నా పేరుతో ఒక ఖాతా తెరిచాను,
లక్ష్మితా ప్రబందారి. భద్రమైంది.
దనాంగ్ విబిసోనో. అదీ భద్రమే.
"మా దగ్గర బాగానే పనిచేస్తోందమ్మా" అనే మాట
నాలుక చివరిదాకా వచ్చింది,
వందసార్లు అని అరగదీసిన మాట.

దనాంగే అడిగాడు:
"అవ్వా, నీ పూర్తి పేరు?"
"పొనిరా."
"పూర్తిగా?"
"పొన్ సంతరోజున పుట్టాను, పొనిరా అన్నారు.
అంతకన్నా పూర్తిగా నన్నెవరూ పిలవలేదు."

లాగ్‌లో ఎర్ర గీత కింద అదే ఉంది, ఇందాకట్నుంచీ:
ఇంటిపేరు ఖాళీ. ఖాళీని రాసుకోను.
తాళంచెవి ఇచ్చేవాడు ముందే ఇచ్చేశాడు,
గది కట్టేవాడు కట్టనని మొరాయించాడు.
తాళంచెవి పట్టుకుని గోడ ముందు నిలబడ్డ మనిషిని
ఉందనాలా, లేదనాలా?

బందర్‌హర్జోలో ఆవిడ ఇల్లు
ఏటా నాలుగు వేళ్ళు కుంగుతుంది.
మూడుసార్లు నేల ఎత్తు చేయించింది,
ఇప్పుడు తన గుమ్మంలోకి తనే వంగి దూరుతుంది.
ఇల్లే సముద్రంలోకి దిగిపోతుంటే
ఇంటిపేరు ఎక్కణ్ణించి తెచ్చేది?

"బ్యాంకువాళ్ళు పొనిరా పొనిరా అని రెండుసార్లు రాసుకున్నారు.
ఆసుపత్రిలో చుక్క పెట్టారు.
టీకా కాగితంలో చచ్చిపోయిన మా ఆయన నా పక్కనే ఉన్నాడు.
మీరేం పెడతారో పెట్టండి."

"రెండుసార్లు కొట్టేద్దాం, పీడా పోతుంది" అన్నాడు దనాంగ్.

ఈ గడికి ఎర్ర నక్షత్రం తగిలించిందెవరని
మార్పుల చిట్టాని అడిగాను.
రెండేళ్ళ కిందటి తేదీ. రాత్రి పదకొండున్నర.
లక్ష్మితా ప్రబందారి.
రెండు గడులూ నిండుగా.

మా అమ్మమ్మ పేరు వగియెం. అంతే, ఇంకేం లేదు.
ఆ రాత్రి నాకు గుర్తు రాలేదు.

నక్షత్రం తీసేశాను.
తాళంచెవినీ గదినీ ఒకే ముడిలో బిగించాను,
జరిగితే రెండూ జరగాలి, లేకపోతే రెండూ వద్దు.
ఇంకెంతమంది గోడ దగ్గర ఆగిపోయారో వెతికితే
రెండువందల పదమూడు మంది.
కస్మినా, తుకిరా, సుర్తీ, పైనెం...
చాలామంది తెల్లవారుజామున నాలుగింటికి నొక్కారు,
పొయ్యి రాజేసే ముందు కాబోలు.
ఒకావిడ పంతొమ్మిదిసార్లు.
ఫిర్యాదు మాత్రం ఒక్కటీ లేదు.
తప్పు తమ వేళ్ళదే అనుకుని ఉంటారు.

పొనిరా మళ్ళీ నొక్కింది. పచ్చ టిక్కు.
తెర మీద తన పేరు, దాని పక్కన ఏమీ లేదు.
నేనేదో అనబోయాను, క్షమించమనో ఏదో.

"అది సరే గానీ,
పోయిన వారం సంఘంలో కట్టిన యాభై వేల రుపయా
ఇందులో ఏదీ?"

కనిపించలేదు.

కాళ్ళు మళ్ళీ పైకి మడుచుకున్నాను.