మూడు రోజుల పని

ఉత్తండిలో ఆ దిబ్బను తీసెయ్యడానికి
నాకు మూడు రోజులు పట్టింది.
గంటకు తొమ్మిది వందలు, డీజిల్ వాళ్లదే.

కాగితం మీద అది ఖాళీ స్థలం.
బకెట్ దించిన మొదటి దెబ్బకే తెలిసిపోయింది
ఖాళీ కాదని.
బాలబండ తీగ ఊడి రాలేదు.
తాడులా సాగి, ఇంకో తాడును పట్టి లాగి,
దిబ్బంతా ఒక్క వలలా కదిలింది.
మేకగిట్టల్లాంటి ఆకుల నడుమ
ఊదా పూలు అప్పుడే విచ్చుకుంటున్నాయి.
పీతలు బొరియల్లోంచి కళ్లు మాత్రం పైకెత్తి
నా చక్రాల వంక చూశాయి.

రెండో రోజు పొన్నురంగం వచ్చాడు, కుప్పం పెద్ద.
నా అరవం వంకర, అతని తెలుగు వంకర,
మధ్యలో ఎక్కడో కలిశాం.
"సముద్రం కార్తీకంలో దీన్ని సగం తింటుంది,
వేసవి గాలికి మళ్లీ కక్కుతుంది.
దీన్ని తింటుంది గనకే
మా ఇళ్ల జోలికి రాదు."
దిబ్బ కాళ్ల దగ్గర చెలమ చూపించాడు.
మోచేతి లోతు.
అల నలభై అడుగుల్లో విరుగుతోంది,
నా దోసిట్లో నీళ్లు తియ్యగా ఉన్నాయి.
తాగాను.
తాగి, మళ్లీ బండెక్కాను.
నెల వాయిదా ఇరవై మూడు వేలు.

మూడో సాయంత్రానికి నేల
రొట్టెల పీటలా అయింది.
రావణాసురుడి మీసం ఒకటి, ముళ్ల బంతి,
నాటుకునే చోటు వెతుక్కుంటూ
దొర్లి దొర్లి రోడ్డెక్కింది.
దాని మీద నుంచి ఎవరిదో కారు వెళ్లింది.

ఎనిమిదేళ్లు.
విల్లాలు లేచాయి. కోవళం వైపు
సముద్రంలోకి రాళ్ల కట్టలూ లేచాయి.
దక్షిణం నుంచి ఒడ్డు పట్టుకుని నడిచొచ్చే ఇసుక
అక్కడే ఆగిపోయింది,
టోల్‌గేటు దగ్గర చిల్లర లేని లారీలా.
ఇక్కడి ఒడ్డు చిక్కిపోతూ వచ్చింది.
పోయిన తుపానుకి అల
ప్రహరీ దాటి ఈతకొలనులో దూకిందట.

మళ్లీ నాకే ఫోను.
ఈసారి గోడ ముందు రాళ్లు దింపాలి.
గంటకు పద్నాలుగు వందలు.
పదకొండు రోజులైంది,
ఇంకా చాలవంటున్నారు.

కుప్పం మొదట్లో ట్యాంకరు ఆగింది.
బిందెల వరసలో పొన్నురంగం.
నన్ను చూశాడు.
గుర్తుపట్టాడనే అనుకుంటా,
బిందె ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకున్నాడు.

అన్నం వేళ
రెండు రాళ్ల సందున కూర్చుని
చేత్తో తోడి చూశాను.
మోచేతి లోతున నీళ్లు ఊరాయి.
దోసిలి పట్టలేదు.
వాసన చాలు.