ఒక్క ప్లగ్గు

మా ఇల్లు కాజీపేటల, పట్టాల పక్కకు.
గూడ్సుబండి పోయినప్పుడల్లా
హెడ్‌ఫోన్ల లోపలి మనిషి సగం మాట మింగుతడు.
నా పని వినుడు.
ఎక్కడిదో ఒక దేశంల ఎవరో మాట్లాడితే
విని రాసుడు. తెలువకపోతే
"వినబడలేదు" అని పెట్టుడు.
పేజీకి అయిదు దాటితే పైసలు కోస్తరు.

అందుకే సంచి భుజానికేసుకొని
ఊరంత తిరిగిన, కిరాయికి రూము వెతికినట్టు.

నక్కలగుట్ట కాఫీ షాపుల
గోడకు నకిలీ ఇటుకలు,
వాటి మీదికి పాకిన తీగ కూడ నకిలీదే.
నూట ఎనభై రూపాయల కోల్డ్ కాఫీ
మూడు గంటలు సాగదీసిన.
మంచు కరిగింది, రంగు కరిగింది,
గ్లాసుల మిగిలింది నా మొండితనమే.
పిలగాడు మూడుసార్లొచ్చి తుడిచిన టేబులే తుడిచిండు.
నాల్గోసారికి నేనే లేచిన.

హంటర్ రోడ్డుది చల్లగున్నది, వైఫై ఉన్నది,
పక్క టేబుల్ల పెండ్లిచూపులు కూడ ఉన్నయి.
జీతమెంతని వాళ్ళడిగితే
అబ్బాయి చెప్పిన అంకె
నా ఫైల్ల సాక్షి నోట్లకెళ్ళి టైపయ్యింది.

చౌరస్తాల యాకయ్య హోటల్ల ప్లగ్గే లేదు.
"ఛార్జింగు ఎందుకు బిడ్డా, చాయ్ తాగు" అన్నడు.
రెండు ఉస్మానియాలు, పొగ,
బస్టాండు దిక్కుకెళ్ళి ములుగు ములుగు, పరకాల పరకాల.
ఆ ఒక్క ఫైలుకు పద్నాలుగు "వినబడలేదు"లు.

ఆఖరికి లైబ్రరీ.
తలుపు తీసేది తొమ్మిదిన్నరకు,
ఏడింటికే సంచులు వరుసల నిలబడ్డయి,
మనుషులు చాయ్‌కి పోయిన్రు.
లోపల కుర్చీకో దస్తీ, దస్తీ మీద పెన్ను,
పెన్ను పోతదని భయమున్నోళ్ళది ఒక ఇటుక.
గ్రూపులోళ్ళు, కానిస్టేబులుకు ఉరికేటోళ్ళు,
డీఎస్సీ మూడోసారి రాసేటోళ్ళు.
పెదవులు కదులుతయి, చప్పుడు రాదు.
నా వేళ్ళు కీబోర్డు మీద పడంగనే
నలభై తలలు లేచినయి.
కొప్పుల పెన్సిలు గుచ్చుకున్న పిల్ల
కాయితం మడిచి నా ముందర పెట్టింది:
"అక్కా, మెల్లగ. జూన్ల పరీక్ష."

ఎంత మెల్లగ?
నిద్రపోయే పసిదాని పక్కన బియ్యం ఏరినట్టు కొట్టిన.
అయినా లేస్తనే ఉన్నయి తలలు.

అటెండరు ఓదెలు చూసిండు, ఏమనలేదు.
తాళాలగుత్తి ఊపుకుంట
పాత పేపర్ల రూముకు తోలుకపోయిండు.
సంవత్సరాలను దారంతో కుట్టి పేర్చిన రూము.
డెబ్బై ఎనిమిది బొత్తి పక్కకు జరిపితే
దాని వెనుక ఒక్క ప్లగ్గు,
నల్లది, మూడు కండ్లది, సగం ఊడింది.
"గిది పనిచేస్తది. తడిచెయ్యి పెట్టకు."

ఛార్జరు మీద ఎర్రలైటు ఎలిగింది.
పదో తరగతి మార్కులకు కూడ
నేనింత సంబురపడలేదు.

"ఆఫీసు లేదా నీకు?" అడిగిండు.
"ఉన్నది. ఎక్కడున్నదో చూడలేదు."
"మరి మీ సారు?"
"గొంతు కూడ ఎరుగ. మెయిలొస్తది."
జరసేపు ఆలోచించిండు.
"మాకూ ఒక డైరెక్టరున్నడట హైదరాబాదుల.
నేనుగూడ చూడలే."

బూజు వాసన, మైదాజిగురు వాసన.
ఆ రూముల నాకు అన్నీ వినబడ్డయి:
సాక్షి గ్లాసు కిందపెట్టుడు,
వకీలు చొక్కాకు మైకు రాసుకునుడు,
జవాబుకు ముందర ఒకామె తీసిన ఊపిరి.
ఊపిరిని ఎట్ల రాయాలెనో రూల్సుల లేదు.
ఒక గీత ఖాళీ వదిలిన.

ఏడున్నరకు ఫ్యాన్లు ఒక్కొక్కటి ఆగినయి.
దస్తీలు లేచినయి, ఇటుకలు గోడకు చేరినయి.
నాకింక పదకొండు నిమిషాల ఫైలున్నది.
వైరు గుంజబోతే
ఓదెలు స్టూలేసుకొని కూసున్నడు.
"కానియ్. ఈ నెల పేపర్లు కుట్టేదున్నది నాకు."
దబ్బనం తీసిండు, దారం తడిపిండు.
కుట్టు కుట్టుకు కాయితం కిర్రుమన్నది.
ఆపమని చెప్పలేదు నేను.
ఫైలు చివర ఒక్క చోట
"వినబడలేదు" అని పెట్టిన.