కొద్దిగా వాడినది

మూడు ఫొటోలు పెట్టాడు అమ్మినవాడు.
ఒకటి మసక, ఒకటి అరచేతిలో,
ఒకటి బాత్రూం గట్టు మీద.
"కంప్రెషన్ బాగుంది. కొద్దిగా వాడినది."
డెబ్బై రియాళ్లు. బేరమాడితే అరవై.

జుబైల్‌కి కొరియర్‌లో వచ్చింది
పాత సాక్సులో చుట్టుకుని.
ప్రొపెల్లర్ తిప్పితే కదల్లేదు.
పిస్టన్ మాట్లాడనని ఒట్టేసుకున్నట్టుంది.

క్యాంపు వంటగదిలో, అందరూ పడుకున్నాక,
పప్పు గిన్నెలో మరిగే నీళ్లు పోసి ముంచాను.
మెల్లగా లేచింది వాసన:
మాడిన ఆముదం.
పక్క గదిలోంచి పోశన్న
"ఎవనికిరా కడుపునొప్పి?"

గ్లో ఇంజన్‌కి దాణా ఇదేనన్నాను.
చెట్టు లేని ఊళ్లో
ఇదే మహావృక్షమని గొణిగి
అటు తిరిగి పడుకున్నాడు.

కార్బురేటర్ నోట్లో ఇసుక.
అంటే ఒకసారి పడిందన్నమాట, తలకిందులుగా.
ఆ సంగతి ప్రకటనలో లేదు.
మెడికల్ ఫారంలో నేను మాత్రం
నడుం దెబ్బ రాశానా?

శుక్రవారం, కంచె వెనక,
ప్యాలెట్ చెక్కకి నాలుగు బోల్టులతో బిగించాను.
ఎనిమిదోసారికి అందుకుంది,
చూపుడువేలు కొంచెం కోసి.
చెక్క జరుగుతోంది ఇసుకలో
బెత్తెడు, ఇంకో బెత్తెడు,
పోశన్న వచ్చి వెనక కొసన కూర్చునేదాకా.

విమానమేదిరా, అని అరిచాడు ఆ రొదలో.

రెక్కలు ఇంకా ఎవరూ
అమ్మకానికి పెట్టలేదు.