తలకట్టు

కర్కాడీలో ఏడూ పదికి రైలెక్కాం.
ఫైలు నా ఒళ్ళో, గొడుగు అతని కాళ్ళ మధ్య.
ఎర్ర వంతెన మీదికొచ్చేసరికి
మళ్ళీ ఒకసారి లెక్కపెట్టాను:
పెళ్ళి సర్టిఫికెట్టు, గ్యాసు బిల్లులు పదకొండు,
ఇద్దరి పేరా ఉన్న బ్యాంకు కాయితం,
ఫొటోలు. వాటిలో సగం
ఎవరో ఒకరు కళ్ళు మూసుకున్నవే.

"టై వంకరగా ఉంది" అన్నాను.
"నేనూ వంకరే" అన్నాడు ఫర్గస్.
నిజమే. ముప్ఫయ్యేళ్ళు ఇళ్ళ కప్పులెక్కి
రాతి పలకలు బిగించిన మనిషి
సముద్రపు గాలికి సరుగుడు చెట్టులా
ఓ పక్కకి ఒంగిపోయాడు.

ఎడింబరోలో, మన కాన్సులేట్‌లో, హీటరు ఎక్కువ.
గోడ మీద మూడు సింహాలు,
నాలుగోది ఎప్పట్లానే వెనకాల.
తొమ్మిదేళ్ళ కిందట ఇదే కౌంటర్లో
నా పాత పాస్‌పోర్టు మూల కత్తిరించి చేతికిచ్చారు,
గొర్రెపిల్ల చెవికి గుర్తు పెట్టినట్టు.
ఇప్పుడు మొగుణ్ణి వెంటబెట్టుకుని
ఇతన్ని కూడా మా ఇంట్లోకి రానివ్వండని
అడగడానికొచ్చాను.

ముందు అతన్ని పిలిచారు. ఒక్కణ్ణే.
తలుపు మూసుకుంది.
ఇరవయ్యేళ్ళ నర్సుని.
ఇలాంటి తలుపులకి ఎప్పుడూ లోపలి వైపే ఉన్నాను.
బయట కుర్చీ ఇంత గట్టిగా ఉంటుందని
ఎవరూ చెప్పలేదు.

ఏం అడుగుతారు?
మా అమ్మ పేరు సౌభాగ్యమ్మ, వారం నేర్పాను,
"సో-బాగ్" దాకా వచ్చి దగ్గుతాడు.
చీరాల మాత్రం చక్కగా అంటాడు,
చీర కూడా తనే నేసినంత ధీమాగా.

అసలు సంగతి ఫైల్లో లేదు.
ఆ చలికాలం, కప్పు కూలిన చర్చి నుంచి
ఒక పలక తెచ్చాడు, అంచులు అరగదీసి.
"మీ ఊళ్ళో దీని మీద రాస్తారన్నావుగా."
అరవయ్యేళ్ళవాడు వంటింటి బల్ల దగ్గర
నాలుక బయటపెట్టి
క రాశాడు. తలకట్టు మర్చిపోయాడు.
"ఊరందరి ఇళ్ళకీ కప్పేస్తావు,
నా అక్షరానికి వెయ్యవా?" అన్నాను.
పొట్ట పట్టుకుని నవ్వాడు.
ఆ రాత్రే అనుకున్నాను, సరే అని.
దాన్నెలా జిరాక్సు తీయించను?
ఎవరి చేత సంతకం పెట్టించను?

"మిసెస్ దివీనా."
దీవెనని అలాగే పిలుస్తారు, లేచాను.
ఆఫీసరు కుర్రవాడు. జలుబు. ముక్కు కందిపోయింది.
"మీ అత్తగారు ఎక్కడ పుట్టారు?"
నోరు తెరిచాను.
చివరి ఆర్నెల్లూ ఆవిడ ఒళ్ళు తుడిచింది నేనే,
అప్పటికింకా అత్త కాదు, పేషెంటు.
వీపు మీద పుట్టుమచ్చ ఎక్కడుందో తెలుసు,
టీలో పంచదార ఎన్ని చెంచాలో తెలుసు,
మార్ఫిన్ ఎన్ని మిల్లీగ్రాములో తెలుసు.
పుట్టిన ఊరు అడగలేదు.
"తెలీదండీ" అన్నాను.
అతనేదో రాసుకున్నాడు.
తలకిందుల రాత చదవడం నర్సులకి అలవాటే,
కానీ అది హిందీ.
పాలల్లో పసుపు వేసుకుని తాగు నాయనా
అనబోయి ఆగాను,
లంచమనుకుంటాడేమోనని.

"ఫోన్ చేస్తాం" అన్నారు.

బయట వాన కాని వాన.
పరీక్ష రాసొచ్చిన పిల్లల్లా
బస్టాపులో జవాబులు పోల్చుకున్నాం.
మనం మొదట కలిసింది మంగళవారమని అతను రాయించాడట.
నేను గురువారం అని చెప్పాను.

"గురువారమే. మీ అమ్మకి కట్టు మార్చిన రోజు.
తలుపు తీశావు, చేతిలో టీ."
"మంగళవారం. కారు దిగి ఇంటి నంబరు వెతుక్కుంటున్నావు.
పక్కింటి కప్పు మీద నేను.
నువ్వు పైకి చూడలేదు."

ఒక బస్సు వెళ్ళిపోయింది.
నాకు తెలియని రెండు రోజులు
ఇన్నాళ్ళూ ఇతని దగ్గరున్నాయి.

"ఇంతకీ మీ అమ్మ ఎక్కడ పుట్టింది?"
"పిటెన్‌వీమ్. చేపల ఊరు."
"ఎప్పుడూ చెప్పలేదేం?"
"నువ్వడగలేదు."

రెండో బస్సు ఆగింది.
గొడుగు మూసి, ఫైలు కొంగులో చుట్టి
మెట్టెక్కుతూ మళ్ళీ అన్నాను:
గురువారమే.