ఏప్రిల్ పదిలోగా

బెండిగో కౌన్సిల్ నుంచి ఉత్తరం వచ్చింది,
కుక్క రిజిస్ట్రేషన్ ఏప్రిల్ పదిలోగా కట్టమని.
పేరు: పిక్క. రంగు: నలుపు. జాతి: గ్రేహౌండ్.
వయసు దగ్గర, వాళ్ళ లెక్కలో
ఇంకా పెరుగుతూనే ఉన్నాడు.

చింతపిక్కలా నిగనిగలాడతాడని ఆ పేరనుకునేది మా అత్తగారు.
కాదు, కాళ్ళ పిక్కలు చూసి పెట్టాను.
మూడేళ్ళు పందేల్లో పరిగెత్తి వచ్చినవాడు
మా ఇంట్లో సోఫా దిగడానికి బద్ధకించేవాడు.

"అది పోయిందటగా" అంది ఫోన్లో నీరజాక్షి.
తప్పేం లేదు, వ్యాకరణం ఆమె వైపే ఉంది.
"వాడు" అన్నాను.
అవతల ఎవరో గిన్నెలు సర్దుతున్న చప్పుడు.
ఆ తర్వాత, మెల్లగా,
"ఎలా పోయాడే?" అంది.
మూడు వారాల్లో మొదటిసారి
అప్పుడు ఏడ్చాను.

పెరుగన్నంలో ఆఖరి ముద్ద
ఇప్పటికీ కంచంలో మిగిలిపోతోంది.
దాన్నేం చెయ్యాలో చేతికి తెలీదు.

ఫెన్స్ వెంట వాడు తిరిగి తిరిగి అరగదీసిన దారిలో
మొన్నటి వానకి గడ్డి లేచింది.
మా ఆయన మోవర్ తోసుకుంటూ అక్కడిదాకా వెళ్ళి
ఆపేసి,
ఏదో పనున్నట్టు గరాజ్‌లోకి వెళ్ళిపోయాడు.

ఫారం వెనక చిన్న గడి ఉంది,
జంతువు చనిపోయి ఉంటే టిక్ పెట్టమని.
పెన్ను తెచ్చుకున్నాను. రాస్తోందో లేదో
కవరు మీద గీసి కూడా చూశాను.

ఇవాళ ఆరో తారీఖే.
ఇంకా నాలుగు రోజులు
వాడు ఈ ఊరివాడే.